గట్టు మీది తాటిచెట్లు వేలం వేసే ముందు గిజిగాడి లెక్క కూడా చూడాలి

ప్రతి ఏడూ వరి కంకి పాలు పోసుకునే వేళకు మన ఊళ్ళలో ఒక మాట లేస్తుంది. గిజిగాళ్ళు గింజ మిగల్చడం లేదు, చెరువు గట్టు మీది తాటిచెట్లు కొట్టేస్తే ఆ పీడ వదిలిపోతుంది అని. ఈ ఏడు ఆ మాట ముందే లేచింది. ఉభాలు అయ్యీ అవకముందే మా చుట్టుపట్ల రెండు మూడు ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చున్నారు. గట్టు తాళ్ళను ఇటుక బట్టీల వాళ్ళకు అమ్మితే డబ్బు వస్తుంది, ఆ డబ్బు గుడికో చెరువు పనికో పనికొస్తుంది, పిట్టల బెడద కూడా తగ్గుతుంది, ఒక దెబ్బకు రెండు పనులు అని మాట్లాడుకున్నారు. మన సంఘం మీటింగులోకి కూడా ఈ సంగతి వచ్చింది. మేము వద్దన్నాం. ఎందుకు వద్దన్నామో అక్కడ పూర్తిగా చెప్పే తీరిక దొరకలేదు. ఇక్కడ రాస్తున్నాం.

80 కేజీల జీడిపిక్కల బస్తాకు 16 వేల రూపాయలు ఇమ్మని ఎన్ని ధర్నాలు చేశామో లెక్క లేదు. కొబ్బరికి తెల్లదోమ పట్టి వదలడం లేదు. ఇన్ని ఉండగా ఈ పత్రికలో పిట్ట గురించి రాయడమేమిటని కొందరు అనొచ్చు. అనండి. కానీ తాటిచెట్టు, చెరువు గట్టు, పురుగుమందు, వరి గింజ, ఈ నాలుగూ రైతు సంగతులే. గిజిగాడు ఆ నాలుగింటి మధ్యనే బతుకుతుంది. దాని బతుకు కొంచెం తెలిస్తే మన లెక్కలో తప్పెక్కడుందో తెలుస్తుంది.

గిజిగాడు మీకు తెలియని పిట్ట కాదు. పిచ్చుకంత ఉంటుంది. ఏడాదిలో సగం రోజులు పోతు, పెట్ట రెండూ ఊరపిచ్చుకల్లాగే మట్టి రంగులో ఉంటాయి, గుర్తుపట్టడం కష్టం. తొలకరి పడిందంటే పోతు వేషం మారిపోతుంది. నెత్తి, రొమ్ము పసుపు రాసినట్టు అవుతాయి. కళ్ళ చుట్టూ, గొంతు కింద ముదురు గోధుమ రంగు ముసుగు వేసుకుంటుంది. పెట్టకు ఈ వేషాలేవీ లేవు. వర్షాలు వెనకబట్టి నిలిచిపోయే వరకు, అంటే మనం ఎదలు వేసిన దగ్గర నుంచి వరి పొట్ట వచ్చే వరకు, అదే దాని కాలం కూడా. గూటికి కావలసిన పచ్చి పోచలు, పిల్లలకు కావలసిన పురుగులు అప్పుడే దొరుకుతాయి. మన పనీ దాని పనీ ఒకే కాలంలో సాగుతాయి.

ఒక్క గిజిగాడు ఒక్కచోట కట్టదు. పదీ ఇరవై పోతులు ఒకే చెట్టు పట్టుకుంటాయి. తాటిచెట్టు, ఈతచెట్టు, ముళ్ళ తుమ్మ అంటే దానికి ఇష్టం. కింద నీళ్ళుంటే మరీ మంచిది. అందుకే చెరువులోకి వంగిన తాటి కమ్మలకు, నేలబావి మీదికి వాలిన కొమ్మలకు వరుసగా సొరకాయ బుర్రల్లాగ వేలాడుతుంటాయి. పాము పాకి రాలేదు, తొండ దిగలేదు, కాకి తలకిందులుగా నిలబడి లోపలికి ముక్కు పెట్టలేదు. ముళ్ళ చెట్టు ఎంచుకున్నా నీటి మీది కొమ్మ ఎంచుకున్నా లోపలున్న ఆలోచన ఒకటే. ఇంజనీరు ఎవరూ చెప్పలేదు.

కట్టే తీరు చూడాలంటే ఓపికగా నిలబడాలి. పోతు తాటి కమ్మ అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గర పట్టుకుని ఎగిరిపోతుంది. ఎగిరే ఊపుకు జానెడు నుంచి మూరెడు పొడుగున సన్నటి పోచ చీలి వస్తుంది. తాటాకు చీల్చే ఆడవాళ్ళు కూడా అంత సన్నగా చీల్చలేరు. వరి ఆకు, చెరువు గట్టున పెరిగే పొడుగు గడ్డి కూడా ఇలాగే చీలుస్తుంది. మొదట కొమ్మకు ముడి వేస్తుంది. కాలితో నొక్కిపెట్టి ముక్కుతో చుట్టి లాగి బిగిస్తుంది. తరువాత ఒక వలయం కడుతుంది, ఊయల మీద కూర్చున్నట్టు అందులో కూర్చుని చుట్టూ అల్లుకుంటూ పోతుంది. ఒక గూడు పూర్తి చేయడానికి 500 సార్ల వరకు పోచల కోసం తిరుగుతుందని పక్షుల మీద పని చేసిన వాళ్ళు లెక్కగట్టారు. మొత్తం పని 18 రోజుల దాకా పడుతుంది. ఎనిమిది రోజులకు బోర్లించిన బుట్టలాగ సగం గూడు తయారవుతుంది.

అక్కడ ఆగుతుంది. ఎందుకంటే ఇల్లు నచ్చాల్సింది పెట్టకు. పెట్టలు గుంపుగా వచ్చాయంటే పోతులన్నీ తమ తమ బుట్టలకు వేలాడి రెక్కలు కొట్టుకుంటూ గోల చేస్తాయి. పెట్ట వచ్చి లోపల కూర్చుంటుంది, పోచలు లాగి చూస్తుంది, గట్టిగా ఉందో లేదో పరీక్షిస్తుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఎవరికీ నచ్చని గూడును పోతు అలాగే వదిలేస్తుంది, ఒక్కోసారి తానే పీకేసి మళ్ళీ మొదలుపెడుతుంది. మీరు చెట్ల మీద చూసే సగం సగం గూళ్ళు అవే. పెట్ట ఒప్పుకుంటే గుడ్లు పెట్టే గది ఒక పక్కన, దిగడానికి కిందికి గొట్టం లాంటి దారి మరో పక్కన కట్టి పూర్తి చేస్తుంది. పెట్ట లోపల మెత్తగా సర్దుకుని రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు పెడుతుంది. రెండు వారాల పైన పొదుగుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండున్నర వారాలు. పొదగడమంతా పెట్టదే, మేపడంలో ఎక్కువ పాలూ దానిదే. పోతు మాత్రం పక్క కొమ్మకు ఇంకో ముడి వేసి ఇంకో పెట్ట కోసం ఇంకో ఇల్లు మొదలుపెడుతుంది. ఈ ఒక్క విషయంలో దాన్ని ఆదర్శంగా తీసుకోనక్కర్లేదు.

ఇదంతా పూర్వం నుంచి మనవాళ్ళు చూస్తున్నదే అయినా, వరుసగా కూర్చుని రాసిపెట్టింది సలీం అలీ. 1930 లో ఆయన చేతిలో ఉద్యోగం లేదు. బొంబాయికి దగ్గరలో కిహిం అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉంటూ, ఇంటి దగ్గరి గిజిగాళ్ళ గూళ్ళను రోజుల తరబడి చూసి, ఏ పోతు ఏ గూడు కట్టింది, ఏ పెట్ట ఎప్పుడొచ్చింది అని రాసుకున్నాడు. ఒక పోతుకు ఒకటి కంటే ఎక్కువ కాపురాలు ఉంటాయన్నది అలా తేలింది. దేశమంతా ఆయనను పక్షుల మనిషి అనడానికి ఆ గూళ్ళు ఒక మెట్టు. మన భాషలో గుర్రం జాషువా గారు గిజిగాడి మీద పద్యాలు రాశారు. మా తరం వాళ్ళకు బడి పుస్తకంతో పాటు ఆ పిట్ట గుర్తు. ఇప్పటి పిల్లలకు పద్యమూ తెలియదు, గూడూ తెలియదు. బజార్లో అలంకారానికి అమ్మే ఎండిన గూడు మాత్రం తెలుసు. ఆ అమ్మకం తప్పని కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ పిట్టకు కూడా వర్తిస్తుంది.

పెద్దవాళ్ళు ఒక మాట చెప్పేవారు. గిజిగాడు గూట్లో తడి మట్టి ముద్ద పెట్టి, దానికి మిణుగురు పురుగును గుచ్చి దీపం పెట్టుకుంటుందని. మట్టి నిజం. గూడు విప్పి చూస్తే లోపలి గోడకు ఎండిన మట్టి పెళ్ళలు కనిపిస్తాయి. గాలికి గూడు మరీ ఊగకుండా బరువు కోసమని కొందరంటారు. దీపం మాత్రం కథే. మంచి కథ, పిల్లలకు చెప్పండి.

ఇక గాలి సంగతి. నైరుతి గాలికి చాటుగా ఉండాలని గిజిగాళ్ళు చెట్టుకు తూర్పు వైపు ఎక్కువగా కడతాయి. దేశంలో చాలాచోట్ల అది తెలివైన పని. మన ఉద్దానంలో మాత్రం అసలు దెబ్బ తూర్పు నుంచే వస్తుంది. 2013 అక్టోబరు 12 న ఫైలిన్, 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 న తిత్లీ. మూడూ అక్టోబరు రెండో వారమే. అప్పటికి గిజిగాడి పిల్లలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి కాబట్టి సరిపోయింది. మనుషులకు అలా ఎగిరిపోయే వీలు లేదు. తిత్లీ ఒక్క రాత్రిలో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరిని, జీడిని, పనసను పడుకోబెట్టేసింది. తాతలు నాటిన చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. మరి తాటిచెట్టు? కమ్మలు చిరిగాయి, మొవ్వులు వంగాయి, కొన్ని విరిగాయి, కానీ గట్టు మీది తాళ్ళు ఎక్కువ నిలబడ్డాయి. ఆ మర్నాడు ఊరు చివర నుంచి చూసిన వాళ్ళందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. కొబ్బరి చెట్టుకెంత, జీడితోట హెక్టారుకెంత అని నష్టపరిహారం గురించి సంఘం కొట్లాడింది, కొట్లాడాలి కూడా. నిలబడిన తాటిచెట్టు గురించి మాత్రం ఎవరం ఒక్క మాట మాట్లాడలేదు. తుఫాను కొట్టలేని చెట్టును ఇప్పుడు మనమే ఇటుక బట్టీలో పెడతామంటున్నాం.

తాటిచెట్టు కాపుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది. కొట్టడానికి యంత్రం రంపంతో పావుగంట. కమ్మ ఇంటికప్పుకు, దుంగ దూలానికి, ముంజలు వేసవికి, గేగులు సంక్రాంతి ముందు పిల్లల చేతికి, కల్లు గీత కార్మికుడి కుటుంబానికి. ఇది పాత లెక్క, అందరికీ తెలుసు. గట్టును వేళ్ళతో పట్టుకుని ఉంచడం అనే లెక్క మాత్రం గట్టు తెగినప్పుడే గుర్తొస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 2021 వ్యవసాయ బడ్జెట్‌లో 76 లక్షల తాటి విత్తనాలు నాటిస్తామని, తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టర్ అనుమతి ఉండాలని ప్రకటించింది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో పిడుగుల నుంచి మనుషులను కాపాడుకోవడానికి తాటిచెట్లు పెంచే పని పెట్టుకున్నారు. పొలంలో పొడుగ్గా నిలబడ్డ చెట్టు పిడుగును తన మీదకు తీసుకుంటుందని వారి ఆలోచన. ఉభాలప్పుడు, కోతలప్పుడు పిడుగు పడి మన జిల్లాలో ఎందరు కూలీలు పోతున్నారో పేపర్లు చూసేవాళ్ళకు తెలుసు. అటు పక్క వాళ్ళు నాటుతున్నారు, ఇటు పక్క మనం వేలం పాడుతున్నాం.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వద్దాం. గిజిగాడు గింజ తింటుందా? తింటుంది. తినదని చెబితే ఈ పత్రిక చదివే రైతు నవ్వుతాడు. పాలు పోసుకున్న కంకిని నొక్కి పిప్పి చేస్తుంది, చోడి, గంటి చేలను కూడా వదలదు. నష్టం ఉన్నది నిజం. కాకపోతే ఎవరి చేనులో ఎక్కువ నష్టమో చూడండి. ఊరంతటికన్నా పది రోజులు ముందు పొట్ట వచ్చిన మడి, చుట్టూ ఏమీ పండకుండా ఒంటిగా ఉన్న మడి. చుట్టుపట్ల పిట్టలన్నీ ఆ ఒక్క మడి మీదే పడతాయి. ఊరంతా ఒకేసారి పండితే అదే పిట్టల గుంపు వంద ఎకరాల మీద చెదిరిపోతుంది, ఎకరానికి పడే నష్టం కంటికి కూడా కనబడదు. ఆ ముందు పండిన మడి రైతు బాధే ఊరి తీర్మానం అవుతోంది. ఆయన బాధ తీర్చాల్సిందే. తీర్చే దారి మాత్రం రంపం కాదు.

రెండో వైపు లెక్క. పెద్ద గిజిగాడు గింజ తింటుంది గానీ, గూట్లో పిల్లకు గింజ అరగదు. దానికి మెత్తటి పురుగు కావాలి. మిడతలు, గొంగళి పురుగులు, రెక్కల పురుగులు ఏరి తెచ్చి నోట్లో పెడుతుంది. పిల్లలు ఎగరడానికి పట్టే ఆ రెండున్నర వారాలూ పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు వాలే వరకు అదే పని. అది మన వరి పిలకలు వేసే కాలం, ఆకుముడుత, మిడతలు లేచే కాలం. చెట్టుకు ఇరవై గూళ్ళుంటే ఎన్ని పిల్లలు, రోజుకు ఎన్ని పురుగులు? మేము సంఖ్య వేయం, తెలిసినంత వరకే చెబుతాం. ఆ పని చేసిందానికి గిజిగాడు బిల్లు పెట్టదు. పంట చివర్లో నాలుగు కంకులు తీసుకుంటుంది. మనం ఆ నాలుగు కంకులే చూస్తాం, ఎందుకంటే తిన్న గింజ కనబడుతుంది, తిన్న పురుగు కనబడదు.

చైనాలో ఇదే లెక్క తప్పి పెద్ద దెబ్బ తిన్నారు. 1958 లో అక్కడ పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని దేశమంతా డప్పులు, పళ్ళాలు కొట్టి అవి ఎక్కడా వాలకుండా తరిమి తరిమి చంపారు. పిచ్చుకలు పోయాయి, పురుగులు పెరిగాయి. 1960 కి పిచ్చుకను శత్రువుల జాబితా నుంచి తీసేసి నల్లిని పెట్టుకున్నారు. అప్పటి కరువుకు ఇదొక్కటే కారణమని అనలేం, వేరే కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఇదీ ఒకటి. న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇంకో సంగతి కూడా చెబుతాం. గిజిగాడి కుటుంబంలోనే ఆఫ్రికాలో ఎర్ర ముక్కు క్వీలియా అని ఒకటుంది. అది లక్షల గుంపుగా జొన్న, సజ్జ చేల మీద పడి తినేసి పోతుంది, ప్రభుత్వాలే విమానాలతో మందు కొడతాయి. అలాంటి పిట్ట మన మీద పడి ఉంటే మేమూ వేరేలా రాసేవాళ్ళం. చెరువు గట్టున ఇరవై గూళ్ళు పెట్టుకునే మన గిజిగాడు ఆ బాపతు కాదు.

గిజిగాడు మన మడి మీదకు ఎక్కువగా రావడానికి మన చేతులు కూడా కొంత కారణం. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని తిండి గడ్డి గింజలు. గట్టు గడ్డి, బంద ఒడ్డు గడ్డి, కల్లాంలో రాలిన గింజ. ఇప్పుడు గట్టు మీద గడ్డి కొయ్యడానికి మనిషి దొరకడం లేదని గడ్డి మందు కొట్టేస్తున్నాం. గట్టు ఎర్రగా కాలిపోయినట్టు ఉంటుంది. కోత మిషను వచ్చాక కల్లాం లేదు. సంక్రాంతికి ఇంటి చూరుకు, గుడి మండపానికి వరి కంకుల కుచ్చు కట్టి పిట్టలకు వదిలే అలవాటు కూడా పోయింది. వాటి తిండి అంతా తీసేసి, మిగిలిన ఒక్క తిండి దగ్గర కాపు కాసి, పిట్టలు దొంగలంటున్నాం.

మందుల సంగతి ఇంకా పెద్దది. వరిలో కాండం తొలిచే పురుగుకు చల్లే గుళికలు పిట్ట కంటికి గింజల్లాగే ఉంటాయి. కార్బోఫ్యూరాన్ లాంటి మందు గుళిక ఒకటి రెండు చాలు, చిన్న పిట్ట ప్రాణం పోవడానికి. అర్జెంటీనాలో 1995-96 వేసవిలో మిడతల కోసం మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతలను తిన్న డేగలు ఇరవై వేల దాకా చచ్చిపోయాయని అంచనా వేశారు. అదే మోనోక్రోటోఫాస్‌ను మన దేశంలో కూరగాయల మీద వాడొద్దని 2005 లో అన్నారు, 36 శాతం ద్రావణాన్ని 2023 లో నిషేధించారు. మధ్యలో ఎన్నేళ్ళు మన చేలల్లో పారించామో చూడండి. పురుగు మందు తిన్న మిడత గూట్లో పిల్ల నోట్లోకి పోతుంది. ఆ మడి నీరే గిజిగాడు గూడు కట్టిన బావిలోకి ఊరుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు, పురుగు మందే కారణమని మేము కూడా అనడం లేదు. కాకపోతే ఇన్ని ఇళ్ళలో డయాలసిస్ చూసిన మనం, ఒక మందు పిట్టను చంపుతోందంటే తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక చిత్తడి నేలలు. గిజిగాడు నీటి పిట్ట కాదు గాని నీరున్న చోటే దాని ఊరు. దాని జాతిలో తాటిచెట్టు వదిలి జమ్ములో, తుంగలో కట్టే రకాలు కూడా ఉన్నాయి. సోంపేట బీలను పనికిరాని బంజరు అని కాగితాల మీద రాసి అక్కడ థర్మల్ కేంద్రం పెడతామన్నప్పుడు, ఆ బీల నీటితో పండించుకునే వాళ్ళు, చేపలు పట్టుకునే వాళ్ళు, గేదెలు మేపుకునే వాళ్ళు ఎదురు తిరిగారు. 2010 జులై 14 న పోలీసు కాల్పుల్లో మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. ఆ తరువాతి ఏడు ఫిబ్రవరి 28 న కాకరాపల్లి తంపర భూముల్లోనూ అదే జరిగింది. ఆ పోరాటాల్లో మన వైపు నుంచి పెట్టిన వాదనల్లో పిట్టలు కూడా ఉన్నాయి. బీలలో ఇన్ని రకాల పిట్టలున్నాయి, అది బంజరు ఎలా అవుతుందని అడిగాం. పిట్ట ఆ రోజు మన పక్షాన సాక్షి. ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కోసం భూముల మాట నడుస్తోంది. విమానం దగ్గర పిట్టలు ఉండకూడదన్నది ప్రపంచమంతా ఉన్న సూత్రం. చెరువు తీసేయాలి, చెట్టు తీసేయాలి, పిట్టను తీసేయాలి, చివరికి రైతును తీసేయాలి. రేపు అధికారులు వచ్చి మీ ఊళ్ళో చెట్లేమున్నాయి, నీటి వనరులేమున్నాయి అని రాసుకునేటప్పుడు, గట్టు బోడిగా ఉంటే వాళ్ళ పని సులువు అవుతుంది. ఇది కూడా పెద్దమనుషులు ఆలోచించాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వాళ్ళను చూడండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి తమ ఊరి చింతచెట్ల మీద దిగితే ఆ ఊరు మంచిదనుకుంటుంది. రెట్ట వాసన భరిస్తారు, పిల్లలను రాళ్ళు వేయనివ్వరు. అందువల్లే అటవీ శాఖ, పర్యాటకులు, ఫోటోలు వచ్చాయి. గిజిగాడి కోసం ఎవరూ బైనాక్యులర్లు పట్టుకుని రారు. అది దూర దేశం నుంచి రాలేదు, మన గట్టు మీదే పుట్టింది. ఊరి బిడ్డకు ఊళ్ళో విలువ తక్కువని మనవాళ్ళకు చెప్పాలా?

ముందు పండిన మడి రైతుకు ఏం చెయ్యాలి అన్నది మిగిలింది. వడిసెల, డబ్బా, దిష్టిబొమ్మ అందరికీ తెలిసినవే, కానీ దిష్టిబొమ్మను నాలుగు రోజులకొకసారి చోటు మార్చకపోతే పిట్ట దాని నెత్తి మీదే కూర్చుంటుంది. ఎరుపు, వెండి రంగు మెరుపు రిబ్బన్లు చేనుకు అడ్డంగా మెలి తిప్పి కడితే ఎండకు మెరుస్తాయి, గాలికి రొద చేస్తాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పక్షుల విభాగం వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదే ఇది. ఖర్చు తక్కువ. పాలు పోసుకున్న దగ్గర నుంచి గింజ గట్టిపడే వరకు ఉదయం, సాయంత్రం కాపు ఉంటే చాలు, అది రెండు మూడు వారాల పనే. ఒంటి రైతుకు అది భారమైతే పిట్ట కాపును చేను వంతు లెక్కన ఊరు పంచుకోవచ్చు, ఇంతకు ముందు నీటి వంతులు పంచుకున్న వాళ్ళమే కదా. ఒక ఆయకట్టు కింద ఒకే కాలం రకాలు, ఒకే వారంలో ఉభాలు అనుకుంటే సగం గొడవ తీరిపోతుంది. చీనా వలలని అమ్ముతున్న సన్నటి నైలాన్ వలలు మాత్రం వద్దు. వాటిలో గిజిగాడు ఒక్కటే పడదు. రాత్రి ఎలుక కోసం వచ్చే గుడ్లగూబ కూడా చిక్కి చస్తుంది. గిజిగాడు తినేదానికి ఎన్నో రెట్లు ఎలుక తింటుందని కల్లాం ఎత్తిన ప్రతివాడికీ తెలుసు.

వేలం విషయంలో సంఘం తరఫున మేము అడిగేది పెద్ద కోరిక కాదు. ఉభాల నుంచి తుఫానుల నెల దాటేవరకు, గూళ్ళున్న చెట్టు మీద రంపం పెట్టకూడదు. గట్టు, బంద, గెడ్డ ఒడ్డు మీది తాళ్ళు ఊరి ఉమ్మడి ఆస్తి, వాటిని నలుగురు పెద్దమనుషులు కాకుండా గ్రామసభ కూర్చుని తేల్చాలి, గీత కార్మికులను పిలిచి తేల్చాలి. ఎండిపోయిన చెట్టు, మొవ్వు కుళ్ళిన చెట్టు కొట్టుకోవచ్చు, దానికి మేము అడ్డం రాము. ఒక్క చెట్టు కొడితే అయిదు టెంకలు నాటాలి. గుడికి డబ్బు కావాలంటే చందా వేసుకుందాం, గట్టు అమ్ముకోనక్కర్లేదు.

తాటిపండ్లు రాలే నెల ఇది. పండు తిన్నాక టెంకలు పారేయకండి. గోనెసంచిలో వేసి నీడన పెట్టి మీ ఊరి కమిటీకి చెప్పండి. వర్షాలు వెళ్ళకముందే గట్టున మూడు నాలుగు బారల ఎడంలో జానెడు లోతున పాతాలి. నీళ్ళు పొయ్యనక్కర్లేదు, మందు వెయ్యనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, సంక్రాంతి ముందు గేగుల కోసం పిల్లలు అవే తవ్వుకుపోతారు. వాళ్ళకు వేరే చోట ఒక పాతర వేసి ఇవ్వండి, గట్టు మీది టెంకల జోలికి రారు. పక్క ఊరికి కూడా మిగిలేలా ఉంటే కబురు పెట్టండి, వచ్చే మీటింగుకు ఎడ్లబండో, ఆటోనో చూద్దాం.